బ్యాటరీ పైన, సీసా కింద

సౌదీలో జెద్దాకు ఉత్తరాన ఉన్న రాబిగ్‌లో మా కంపెనీ ఆఫీసంటే రెండు పోర్టా క్యాబిన్లు, వాటి వెనక ఒక వర్క్‌షాపు. ముందు క్యాబిన్లో నేను కూర్చుంటాను. పేరుకు టైమ్‌కీపర్ని. చేసేది హాజరు వేయడం, విమానం టికెట్లు తీయడం, ఇఖామా అనే నివాస కార్డుల గడువులు చూసుకోవడం, ఎవరికైనా జ్వరమొస్తే ఆస్పత్రికి వెంటబెట్టుకుని వెళ్ళడం. వెనక వర్క్‌షాపులో ఖలందర్ భాయ్ కూర్చుంటాడు. రిఫైనరీలో వాడే వాకీటాకీలు, గ్యాస్ లీకైతే కూతపెట్టే చిన్న డిటెక్టర్లు, పొగ వస్తే మోగే అలారాలు, ఏది మూగబోయినా ఆయన బల్ల మీదికి రావలసిందే. సాయంత్రానికి దానికి నోరొచ్చేది.

ఆయనది ప్రొద్దుటూరు. దూదేకుల వాళ్ళు. తండ్రి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో అన్నంలోకి కూడా దూది ఎగిరొచ్చి పడేదట. ఆ దూది పీల్చి పీల్చి తండ్రి చివరి పదేళ్ళూ దగ్గుతూనే గడిపాడట. ఖలందర్ ఆ పని జోలికి పోకుండా రేడియో రిపేరు నేర్చుకున్నాడు. తర్వాత ఫోన్లు. 2003లో జెద్దా చేరి, మొబైల్ ఫోన్ల బజారులో ఒక కొట్టు ముందు బల్ల వేసుకుని పదమూడేళ్ళు ఫోన్లు బాగుచేశాడు. భార్య మేరాజ్ బేగాన్ని, ఇద్దరు ఆడపిల్లల్ని కూడా తెచ్చుకున్నాడు.

2016లో మొబైల్ కొట్లలో ఇకమీద సౌదీలే పనిచేయాలన్న నియమం వచ్చింది. ఆ వేసవిలోనే బజారు ఖాళీ అయింది. ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన సౌదీ యజమాని, మంచివాడు కావడంతో కాగితాలు ఇబ్బంది పెట్టకుండా మా కంపెనీకి బదిలీ చేయించాడు. ఆ తర్వాత కుటుంబాలున్నవాళ్ళ మీద లెవీ వచ్చింది. తలకింతని నెలనెలా కట్టాలి, ఏటేటా పెరుగుతుంది. చాలామందిలాగే ఆయనా 2018లో మేరాజ్ బేగాన్నీ పిల్లల్నీ ప్రొద్దుటూరు పంపేసి క్యాంపులో నలుగురున్న గదిలో చేరాడు.

నేను ఆయన్ని బాగా ఎరిగింది ఆ గదిలోనే. నాది తుని పక్క. ఆయన మాట నాకు మొదట్లో సగమే అర్థమయ్యేది. నేను "అండీ" అంటే ఆయన నవ్వేవాడు. "నువ్వు అండీ అంటే నాకు ఎవరో వెనకాల నిలబడుండారేమో అనిపిస్తాది సారూ" అనేవాడు. అంతకంటే సులువుగా నవ్వే మనిషిని నేను చూడలేదు. కానీ 2022లో కంపెనీ ధాఫిర్‌ని తీసుకొచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టిన రోజు మాత్రం నవ్వలేదు.

కంపెనీలో ఎంతమంది సౌదీలున్నారన్న దాన్ని బట్టి నితాఖాత్ అనే పథకం కింద ప్రభుత్వం రంగు ఇస్తుంది. చాలినంతమంది ఉంటే పచ్చ. లేకపోతే ఎరుపు. ఎరుపులో పడితే మా ఇఖామాలేవీ రెన్యూ కావు. మేము అప్పటికి ఎరుపు అంచున వేలాడుతున్నాం. పచ్చలోకి రావడానికి మేనేజరు ఇద్దరు సౌదీలను తీసుకున్నాడు. ఒకతను జీతం రోజు తప్ప కనిపించేవాడు కాదు. రెండో అతను ధాఫిర్. అభా కొండల్లోని ఒక ఊరివాడు, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాడు, ఇరవై ఆరేళ్ళుంటాయి.

"ఒకసారి నా బల్ల పోయింది. ఇప్పుడు ఈ బల్ల పక్కన ఇంకో కుర్చీ ఏసినారు. అర్థం కాలేదా సారూ?" అన్నాడు ఖలందర్ ఆ సాయంత్రం.

నాకు అర్థమైంది.

అయితే ధాఫిర్ మేము అనుకున్న మనిషి కాదు. పొద్దున్నే ఖలందర్ కంటే ముందు వచ్చేవాడు. సోల్డరింగ్ చేస్తూ వేళ్ళు కాల్చుకునేవాడు. తెలియనిది తెలియదనే అడిగేవాడు. ఖలందర్‌ని "ఉస్తాద్" అని పిలిచేవాడు. నెల తిరిగేసరికి ఖలందర్ అతని కుర్చీని తన వైపు దగ్గరగా లాక్కున్నాడు.

సిగరెట్ మాన్పించింది కూడా ధాఫిరే. ఖలందర్ రోజుకు పెట్టెన్నర కాల్చేవాడు. వీడియో కాల్లో మేరాజ్ బేగం ఆయన మొహం చూసేది కాదు, చెవి పెట్టి దగ్గు వినేది.

"మామ దగ్గే వచ్చింది నీకు. అచ్చం అదే దగ్గు. దూది ముట్టుకోకుండానే తెచ్చుకుంటివే, ఏం మనిషివయ్యా!" అని ఒకరోజు ఫోన్లోనే ఏడ్చింది.

మర్నాడు ఆయన దిగాలుగా కూర్చుంటే ధాఫిర్ కారణం అడిగి, సాయంత్రం ఒక చిన్న యంత్రం తెచ్చి బల్లమీద పెట్టాడు. కలం కంటే కొంచెం లావు, పైన గాజు గొట్టం, లోపల బ్యాటరీ. గొట్టంలో చిక్కటి ద్రవం పోసి మీట నొక్కితే ఆవిరొస్తుంది. వేప్ అంటారు. నికోటిన్ ఎంతుండాలో ద్రవం సీసా మీద రాసి ఉంటుంది, మెల్లమెల్లగా తగ్గించుకోవచ్చు, చివరికి ఇదీ మానేయాలి అని ధాఫిర్ చెప్పాడు. ఖలందర్ పీల్చి చూడకముందే స్క్రూడ్రైవర్ తీసుకుని దాన్ని మొత్తం విప్పేశాడు. మళ్ళీ బిగించి, "మంచి పని. ఫోన్ కంటే సులువు" అన్నాడు. ఆ తర్వాతే నోట్లో పెట్టుకున్నాడు. మామిడిపండు వాసనది ఎంచుకున్నాడు.

అభాలో మా కంపెనీకి నాలుగు హోటళ్ళ ఫైర్ అలారాల కాంట్రాక్టు ఉండేది. అక్కడి టెక్నీషియన్ ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే వీసా రద్దు చేసుకుని, ఇంటికెళ్ళిపోయాడు. పరాయి దేశపు పనివాడి తలకింతని కంపెనీ కూడా లెవీ కట్టే ఆ కాలంలో ఒక మనిషి వెళితే ఆ చోటు నింపరు, ఉన్నవాళ్ళకే పంచుతారు. అలా నెలకోసారి అభా వెళ్ళే పని ఖలందర్‌కి పడింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ దేశంలో ఉన్న మనిషి, దేశం లోపల విమానం ఎక్కడం అదే మొదటిసారి. సెలవుకు ఇంటికెళ్ళేటప్పుడు తప్ప ఆయనకు విమానం తెలియదు.

నేను టికెట్ తీసి ఇచ్చాను. సామాన్లు ఎలా సర్దుకోవాలో చెప్పాలని నాకు తట్టలేదు. నాకే తెలిస్తే కదా.

ఆ మధ్యాహ్నం జెద్దా ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"సారూ, నా పేరు మైకులో పిలుస్తాండారు. 'దుదే కల్లా కలందార్' అంట. నన్నే. ఇఖామా గడువు ఇంక తొమ్మిది దినాలే ఉండాది గదా. మన కంపెనీ ఎరుపులో పడిందా యేంది? నిజం చెప్పు."

"లేదు భాయ్, నిన్ననే చూశాను. పచ్చలోనే ఉన్నాం. భయపడకుండా వెళ్ళండి."

"పోతాండా. నన్ను పట్టుకుంటే మేరాజుకు ఇప్పుడే చెప్పొద్దు. మాపటికి నిదానంగా చెప్పు."

ఫోన్ కట్ చేయకుండానే జేబులో వేసుకున్నట్టున్నాడు. అడుగుల చప్పుడు, ఒక తలుపు, అరబిక్‌లో ఎవరిదో గొంతు. నేను మేనేజర్ గది వైపు పరుగెత్తబోతూ ఆగాను. అవతల ఎవరో పెద్దగా నవ్వుతున్నారు.

తిరిగొచ్చాక ఆయన చెప్పిన సంగతి ఇది. గదిలో ఒక ఆఫీసరు, బల్లమీద ఈయన సూట్‌కేసు. తెరవమన్నాడు. ఖలందర్ ముందు ఇఖామా చేతికిస్తే ఆఫీసరు కనీసం చూడకుండా పక్కన పెట్టాడు. సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టిపెట్టిన వేప్ యంత్రం, దానికి వాడే రెండు విడి సెల్లులు, పెద్ద మామిడి సీసా బయటికొచ్చాయి. ఆఫీసరు సెల్లుల్ని వేలితో చూపించి "మమ్నూ" అన్నాడు. కిందికి పంపే పెట్టెలో అవి కూడదని. కింద సామాన్ల గదిలో నిప్పు పుడితే చూసేవాళ్ళుండరు, పైన మన దగ్గరుంటే కనిపెట్టొచ్చు. పెద్ద సీసాని మాత్రం ఆయనే తిరిగి పెట్టెలో పెట్టాడు. "బ్యాటరీ పైన, సీసా కింద. నువ్వు సరిగ్గా తిరగేసి సర్దావు యా హాజ్, పెద్దాయనా" అన్నాడట. అంతే. పొమ్మన్నాడు.

"అంతేనా? అని అడిగినా సారూ. 'ఇంకేం కావాలి నీకు?' అన్నాడు. ఇఖామా చూడవా అని నేనే అడిగినా. అందుకే నవ్వినాడు" అని చెప్పి ఆయనా నవ్వాడు.

విమానంలో ఇంకో ముచ్చట జరిగింది. గొట్టం నిండా ద్రవమున్న ఆ యంత్రాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. విమానం పైకి లేచాక జేబు చల్లగా తగిలింది. చూస్తే ద్రవమంతా కారి చొక్కా తడిసిపోయింది. చుట్టూ మామిడిపళ్ళ వాసన. పక్క సీట్లో ఒక ముసలావిడ, అభా మనిషి, ముక్కు ఎగబీల్చి సంచిలో మామిడిపళ్ళున్నాయా అని అడిగింది. లేవన్నాడు. ఆవిడ నమ్మలేదు. దాచుకుంటున్నాడనుకుంది. చివరికి ఆయన జేబు చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వి, తన సంచిలోంచి ఒక రొట్టెముక్క తీసి ఇచ్చింది. "పండు లేకపోయినా ఆ వాసనతో తిను" అందట.

ఇంకొకరైతే ఆ రోజుతో ఆ యంత్రాన్ని పారేసేవారు. ఖలందర్ వర్క్‌షాపుకు తిరిగొచ్చి దాన్ని బల్లమీద పెట్టి ఆలోచించాడు. గాలి ఒత్తిడి తగ్గితే గొట్టంలో చిక్కుకున్న గాలి ఉబ్బి ద్రవాన్ని బయటికి తోస్తుంది. అభా ఎయిర్‌పోర్టే కొండమీద ఉంది కాబట్టి దిగాక కూడా కారడం ఆగదు. ఇదంతా ఆయనే లెక్కగట్టాడు. మరుసటి నెల గొట్టం ఖాళీ చేసి తీసుకెళ్ళాడు. చిన్న సీసాని కొంచెం నొక్కి గాలి తీసేసి మూత బిగించి, దాన్ని జిప్పు కవర్లో నిలబెట్టి పెట్టాడు. విడి సెల్లులకు ఒక ప్లాస్టిక్ డబ్బీ. చొక్కా పొడిగా దిగింది. ఆ సంగతి క్యాంపంతా పాకింది. రియాద్‌కో దమ్మామ్‌కో వెళ్ళే ప్రతివాడూ ముందురోజు సాయంత్రం టీ వేళకు మా గదికొచ్చి సంచి తెరిచి చూపించడం మొదలైంది. బెంగాలీలు, పాకిస్తానీలు, మనవాళ్ళు. ఆయన ఒక్కొక్కరికీ సర్ది పంపేవాడు. "విమానంలో మాత్రం పీల్చొద్దు, బాత్‌రూములో గూడా. పొగ పసిగట్టే యంత్రం ఆడ గూడా ఉంటాది. అట్లాంటివి బాగుచేసేది నేనే, నా మాట ఇను" అని చెప్పి మరీ పంపేవాడు.

మా క్యాంపులో అంజన్న అని ఒకాయన ఉండేవాడు. జగిత్యాల పక్క పల్లె. నిచ్చెనలు కట్టడం, కేబుళ్ళు లాగడం ఆయన పని. యాభై దాటాయి. బీడీలు మానేద్దామని ఖలందర్‌ని చూసి తానూ ఒక వేప్ కొనుక్కున్నాడు. 2023 ఫిబ్రవరిలో అభా హోటళ్ళలో ఏడాదికోసారి జరిగే తనిఖీ పడింది. కేబుళ్ళకు అంజన్న, కాగితాలకు నేను, పనికి ఖలందర్, ధాఫిర్, నలుగురం కలిసి బయలుదేరాం.

ఆ ప్రయాణంలో నా మనసు బాగాలేదు. వారం ముందు మేనేజరు నాతో ఒక జాబితా టైపు చేయించాడు. ఆ ఏడాది ఫైనల్ ఎగ్జిట్ మీద పంపాల్సిన పెద్ద వయసు వాళ్ళ పేర్లు. మూడో పేరు ఖలందర్‌ది. ధాఫిర్ పని నేర్చుకున్నాడు కదా, ఇద్దరెందుకు అన్నాడు మేనేజరు. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు. పక్క మంచం మీద పడుకునే మనిషికి చెప్పకుండా వారం రోజులు గడపడం ఎంత కష్టమో నాకు తెలిసింది.

ఎయిర్‌పోర్టులో అన్నీ సజావుగానే సాగాయి. విమానం చిన్నది, నిండుగా ఉంది. ఎక్కే తలుపు దగ్గర సిబ్బంది కొందరి చేతిసంచులు తీసుకుని, చీటీ కట్టి కింద సామాన్లలోకి పంపిస్తున్నారు. అంజన్న నీలం సంచిని కూడా తీసుకున్నారు. లోపల బ్యాటరీలు, పవర్ బ్యాంకులు ఏమైనా ఉన్నాయా అని అరబిక్‌లో, ఇంగ్లీషులో అడిగారట. అంజన్నకు రెండూ అంతంత మాత్రమే. "తమామ్, తమామ్" అని, అంతా బాగుందన్నట్టు తలూపి వచ్చేశాడు.

మేము సీట్లలో కూర్చున్నాం. ఖలందర్, అంజన్న పక్కపక్కన. వాళ్ళ వెనక వరసలో నేను, ధాఫిర్.

"సంచి యాడ అంజన్నా?" అన్నాడు ఖలందర్.

"ఆళ్ళే తీస్కున్నరే అన్నా. మంచోళ్ళు. మోసుడు తప్పింది."

"సెల్లులు?"

"అండ్లనే ఉన్నయ్."

"డబ్బీలో పెట్టినావు గదా? నేను ఇచ్చిన డబ్బీ?"

"డబ్బీల బీపీ గోళీలు ఏసిన. మల్ల గోళీలు ముఖ్యం గదనే! సెల్లులు పక్క జేబుల ఏసిన, పెట్టె తాళాలున్నయ్ సూడు, ఆటితోని."

ఖలందర్ లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో నవ్వు లేదు. తాళంచెవుల గుత్తి సెల్లు రెండు కొనల్నీ తాకితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. జెద్దా బజారులో ఒకసారి పక్క బల్ల అలాగే తగలబడడం చూశాడు.

"అన్నా, కూసో. ఊకో. నౌకరి పోతది. పోలీసులస్తరు" అంటూ అంజన్న ఆయన చొక్కా పట్టుకుని లాగాడు.

నాకూ అదే భయం. బయలుదేరబోయే విమానంలో ఒక పనివాడు లేచి, సామాన్లలో నిప్పు పుడుతుందంటే ఎవరేమనుకుంటారో! నేను కూడా "భాయ్, ఆలోచించండి" అన్నాను. అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆయన మా ఇద్దరివైపూ చూడలేదు. ముందుకు నడిచి, ఎయిర్ హోస్టెస్ దగ్గర చేతులు రెండూ కనిపించేలా పెట్టుకుని, మెల్లగా, తన జెద్దా అరబిక్‌లో చెప్పాడు. ఆమె మొదట కూర్చోమంది. ఆయన కదలలేదు, గొంతు పెంచలేదు. మళ్ళీ అదే చెప్పాడు. ఈలోపు ధాఫిర్ కూడా వెళ్ళి పక్కన నిలబడ్డాడు. "ఈయన మా ఉస్తాద్. బ్యాటరీల గురించి ఈయన చెబితే నిజమే" అన్నాడు. ఆమె ఫోన్ తీసింది. కింద సామాన్ల దగ్గరున్న సూపర్‌వైజరు పైకొచ్చాడు. ముప్పై సంచుల్లో అదేదో చూపించడానికి సంచి గలవాడే రావాలన్నాడు.

అంజన్న బెల్టు ఊడలేదు. భయంతో దాన్ని విప్పడానికి బదులు బిగిస్తున్నాడు. నేనే వెనకనుంచి వంగి ఊడదీశాను. ఖలందర్ ఆయన్ని వెంటబెట్టుకుని కిందికి దిగాడు.

నాకు కిటికీలోంచి కనిపించింది. బండి మీద సంచులు, వాటి చుట్టూ ఐదారుగురు. అంజన్న నీలం సంచిని చూపించాడు. ఖలందర్ దాని పక్క జేబు మీద అరచెయ్యి ఆనించి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. అందరినీ దూరం జరగమని చేత్తో సైగ చేసి, జిప్పు తీసి, సంచిని తలకిందులు చేసి కాంక్రీటు మీద కుమ్మరించాడు. లుంగీ, తువ్వాలు, సబ్బుపెట్టె, తాళంచెవుల గుత్తి. ఆ గుత్తికి అతుక్కుని రెండు సెల్లులు. చేతికి తువ్వాలు చుట్టుకుని గుత్తిని విడదీశాడు. సూపర్‌వైజరు ఇసుక బకెట్టు తెప్పించి సెల్లుల్ని అందులో వేయించాడు. లుంగీ మడత మీద అరచేతి వెడల్పున గోధుమరంగు మచ్చ. ఇంకొంచెంసేపైతే అంటుకునేదే.

సూపర్‌వైజరు వంగి ఆ మచ్చను వేలితో తడిమాడు. తర్వాత ఇద్దరి ఇఖామాలనూ ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

విమానం ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. చుట్టూ జనం విసుక్కున్నారు. ఖలందర్ వచ్చి కూర్చున్నాడు. రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. ఎయిర్ హోస్టెస్ మంచుముక్కల గ్లాసు తెచ్చి ఆయన వేళ్ళు అందులో పెట్టించింది.

"నౌకరి పోతదా అన్నా?" అన్నాడు అంజన్న. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నీ లుంగీ పోయింది. నౌకరి యాడికీ పోదు. ఆ గోళీలు జేబులో పెట్టుకో, డబ్బీ నాకియ్యి."

అంజన్న జేబులోంచి డబ్బీ తీసి అక్కడే గోళీలు రుమాల్లో పోసుకున్నాడు. ఆ తర్వాత నవ్వాడు. మేమందరం నవ్వాం. అంతసేపూ బిగపట్టుకున్నదంతా ఒక్కసారి వదిలిపోయినట్టు, అభా దిగేదాకా ఏదో ఒకటి అనుకుని నవ్వుతూనే ఉన్నాం.

అయినా ఇఖామాలు ఫొటో తీసుకున్నారన్నది మర్చిపోలేకపోయాం. పది రోజులకు ఆఫీసుకు మెయిల్ వచ్చింది. నేనే తెరిచాను. ఎయిర్‌పోర్టులో సామాన్ల పని చూసే కంపెనీ వాళ్ళది. ఖలందర్‌కు కృతజ్ఞతలు. పనివాళ్ళకు ఆయన చెప్పే జాగ్రత్తలు కాగితం మీద రాసి ఇస్తే తలుపు దగ్గర పెట్టుకుంటామని ఆ సూపర్‌వైజరు విడిగా రెండు వాక్యాలు రాశాడు. ఖలందర్ తెలుగులో చెప్పాడు, నేను రాశాను. గదిలోని వాళ్ళు ఉర్దూలోకి, బెంగాలీలోకి మార్చారు, ధాఫిర్ అరబిక్‌లోకి. బొమ్మలు కూడా ధాఫిరే గీశాడు.

మేనేజరు ఆ మెయిల్ చూసి సంతోషించాడు. కానీ జాబితాలోంచి పేరు తీయలేదు. "మంచివాడే. మంచివాళ్ళకూ లెవీ కట్టాల్సిందే కదా" అన్నాడు.

ఆ రోజు నేను నోరు కట్టేసుకోలేకపోయాను. కానీ చెప్పింది ఖలందర్‌కు కాదు, ధాఫిర్‌కు.

ధాఫిర్ లేచి నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్ళాడు. తలుపు మూయలేదు. "ఫైర్ అలారాల మీద సంతకం పెట్టే లైసెన్సు నాకు రావడానికి ఇంకా రెండేళ్ళు పడుతుంది. ఆ రెండేళ్ళూ నాకు ఉస్తాద్ కావాలి. ఆయన లేకపోతే నేనూ అభా వెళ్ళిపోతాను, మా ఊళ్ళోనే పని దొరుకుతుంది" అన్నాడు. ధాఫిర్ వెళ్ళిపోతే మా రంగు ఏమవుతుందో మేనేజరుకు విడమరిచి చెప్పనవసరం లేదు. సాయంత్రానికి ఆ జాబితాను నాతో మళ్ళీ టైపు చేయించాడు. మూడో పేరు లేకుండా.

చాలా రోజుల తర్వాత ఈ సంగతంతా ఖలందర్‌కు చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. బల్లమీది స్క్రూలన్నీ ఏరి డబ్బాలో వేశాడు. "సౌదీలు రావాలని ఒక బల్ల తీసినారు. సౌదీ వచ్చినందుకు ఈ బల్ల మిగిలింది. ఎవర్ని తిట్టుకోవాల్నో తెలీడంలే సారూ" అన్నాడు. తనకు ఇదంతా తెలిసిందని మాత్రం ధాఫిర్‌కు ఎప్పుడూ తెలియనివ్వలేదు. మర్నాటి నుంచి అతనికి ఇంకా కష్టమైన సర్క్యూట్లు ఇవ్వడం మొదలుపెట్టాడు.

వేప్ కూడా ఆ ఏడే మానేశాడు. మన దేశంలో వాటి మీద నిషేధం ఉంది, సెలవుకు వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళడానికి లేదు. అందుకని నాలుగు నెలలుగా నికోటిన్ తగ్గించుకుంటూ వచ్చి, చివరికి నికోటిన్ లేని ద్రవం దాకా చేరాడు. సెలవు వారం ఉందనగా "ఉత్త మామిడిపండు వాసనకు ఇంత బరువెందుకు?" అని యంత్రాన్ని విప్పి, బ్యాటరీ తీసి పక్కన పెట్టి, మిగతా ముక్కలు డబ్బాలో వేశాడు. మొదటి పది రోజులూ సోంపు నమిలి నమిలి అందరి మీదా చిరాకు పడ్డాడు. అది కూడా నవ్వుతూనే.

మరుసటి ఏడు మార్చిలో మేరాజ్ బేగం విజిట్ వీసా మీద వచ్చింది. జెద్దాలో పన్నెండేళ్ళ పాటు కాపురం చేసిన మనిషి. ఫ్లాటు, పిల్లల బడి, మక్కా, సముద్రం ఒడ్డు తప్ప ఏమీ చూడలేదు. ఈసారి అభా తీసుకెళ్తానన్నాడాయన. నేనే టికెట్లు తీశాను. కిటికీ సీటు ఆమెకు ఇమ్మని రెండుసార్లు గుర్తుచేశాడు.

ధాఫిర్ వాళ్ళమ్మ వాళ్ళను హోటల్లో ఉండనివ్వలేదట, ఇంటికి తీసుకెళ్ళిందట. కొండ అంచున రాతి ఇల్లు, వాకిట్లోకి మబ్బు దిగుతోందని మేరాజ్ బేగం నాకు ఫోన్ చేసి చెప్పింది.

"ప్రభాకరన్నా, ఈడ చలి చంపుతాంది. మబ్బు ఇంట్లోకి వస్తాది, తలుపేసుకోవల్ల! ఈయమ్మ నన్ను కూసోబెట్టి తలనిండా ఏందో ఆకు పెట్టింది. తులసి మాదిరి ఉండాది. రైహాన్ అంట. మా ఆయన్ను చూడు, ఆయన టోపీలో గూడా పెట్టింది!"

వెనకనుంచి ధాఫిర్ వాళ్ళమ్మ ఏదో అంది, మేరాజ్ బేగం అరబిక్‌లో జవాబిచ్చింది. ఆడవాళ్ళిద్దరూ గలగలా మాట్లాడుకుంటున్నారు. మధ్యలో ఖలందర్ గొంతు రెండుసార్లు వినబడింది. రెండుసార్లూ ఎవరూ పట్టించుకోలేదు.

కాసేపటికి ఫొటో వచ్చింది. ఇద్దరూ గోడమీద కూర్చున్నారు. మేరాజ్ బేగం ఆయన స్వెట్టరు వేసుకుంది, చేతులు వేళ్ళదాకా కప్పేశాయి. ఆయన చలికి ముడుచుకుని, టోపీలో పచ్చటి రెమ్మతో, కెమెరా వైపు కాకుండా ఆమె వైపు చూసి నవ్వుతున్నాడు.